బల్లమీద వదిలేసిన పుస్తకాలు

ఇలా రా తల్లీ, నా పక్కకి జరుగు. ఆ దిండు నడుముకి పెట్టుకో. చేతిలో ఫోను బోర్లా పడుకోబెట్టు, పాపం అది కూడా కాసేపు కునుకు తీస్తుంది. ఇవాళ నీకు ఉష్షమ్మ సంగతి చెబుతాను. మధ్యలో ఆవలింతలొస్తే ఆవలించు, నేనేమీ అనుకోను. ఆవిడకి కూడా ఆ రోజుల్లో ఆవలింతలే ఎక్కువ.

ఉష్షమ్మ అంటే లైబ్రరీలో పుస్తకాలు చూసుకునే ఆవిడ. అసలు పేరు ఉంది, కాకపోతే అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. పెళ్లికాకముందే ఆ ఉద్యోగంలో చేరింది. చేరిన కొత్తలో పిల్లలు గోల చేస్తే పెదవుల మీద వేలు పెట్టి "ఉష్" అనేది. పిల్లలు పేరు పెట్టేశారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, బట్టతలలు వచ్చి, తమ పిల్లల్ని వేలు పట్టుకుని తీసుకొచ్చి "అదుగో, ఉష్షమ్మ అంటే ఆవిడే" అని చూపించేదాకా వచ్చింది గానీ పేరు మాత్రం ఊడలేదు.

ఆ లైబ్రరీ రెండంతస్తులు. కింద కౌంటరు, దానిమీద ఒక కంప్యూటరు, గోడవారగా జనం వాడుకోవడానికి ఇంకొన్ని, మూలన ఒక ప్రింటరు. ఆ ప్రింటరుకి ఏడాది పొడుగునా జలుబే. కాగితాన్ని సగం మింగి ఆగి, తుమ్మినట్టు బయటికి కక్కేది. మెట్లెక్కితే పైన చదువుకునే హాలు. అక్కడి పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. పొడవాటి బల్లలు, చుట్టూ అల్మారాలు, వీధివైపు పెద్ద కిటికీలు. ఎన్నేళ్లనుంచో మోచేతులు ఆనించి ఆనించి బల్లల అంచులు నున్నగా అయిపోయాయి.

ఆ హాలుకి ఉష్షమ్మ పెట్టిన నియమం ఒకటే. తీసిన పుస్తకం తీసినచోటే పెట్టాలి. ఎవరైనా బల్లమీద వదిలేసి లేచారో, మెట్లు దిగేలోపు గొంతు వినబడేది. "ఏం బాబూ, ఇంట్లో తిన్న కంచం కూడా ఇలాగే వదిలేసి లేస్తావా?" ఆ ఒక్క మాటకి ఎంత పెద్దవాడైనా చెవులు ఎర్రబడి వెనక్కి వచ్చేవాడు. అలా అని అని ఆ పేటనంతా తన దారికి తెచ్చుకుంది. సాయంత్రం హాలుకి తాళం వేసేముందు ఒక్కసారి చుట్టూ చూసుకునేది. బల్లల మీద ఒక్క పుస్తకం ఉండేది కాదు. అన్నీ అల్మారాల్లో వెన్నులు చూపిస్తూ బుద్ధిగా నిలబడి ఉండేవి. అది చూసుకుంటే ఆవిడకి రోజంతా పడ్డ చాకిరీ తీరిపోయేది.

ఇదంతా కాళ్లు బాగున్న రోజుల సంగతి. ఈ మధ్య మోకాళ్లు మెట్టు మెట్టుకీ మూలుగుతున్నాయి. పైగా పని మారింది. పొద్దున్న తలుపు తీసేసరికి ఫోన్లు పట్టుకుని జనం గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. ఒకరికి పాస్‌వర్డు మర్చిపోయిన బాధ, ఒకరికి ఫొటో సైజు ఎక్కువైందని సైటు తిప్పికొట్టిన బాధ, ఇంకొకరికి తమ పేరే తప్పు పడిన బాధ. అందరి బాధలకీ మందు ఉష్షమ్మ దగ్గరే.

నర్సమ్మ అని ఒకావిడ, ఆసుపత్రిలో చేసి రిటైరయింది, ఒకరోజు ఫోను తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"చూడమ్మా, ఇది నన్ను లోపలికి రానివ్వదు. నా చిన్నప్పటి పెంపుడు జంతువు పేరు చెప్పమంటోంది."

"చెప్పండి మరి."

"నాకు పెంపుడు జంతువెక్కడిది? పెంచిందల్లా మా ఆయన్నే. ఆయన పేరు కొడితే కాదంటోంది!"

సిగ్నలాయన సంగతి ఇంకా బాగుంటుంది. రైల్వేలో సిగ్నళ్లు చూసి చూసి రిటైరయిన మనిషి. ఏదో సైటు ఆయన్ని 'నువ్వు మనిషివేనా, యంత్రానివా' అని అడిగి, బొమ్మల్లో సిగ్నళ్లు ఉన్న గడులన్నీ నొక్కమంది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఫోనుని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"మేడమ్, స్తంభం కూడా సిగ్నల్లో భాగమే కదా?"

"మీకు తెలియాలండీ."

"భాగమే. స్తంభం లేకుండా దీపం గాల్లో వేలాడుతుందా?" అంటూ స్తంభాలన్నీ నొక్కాడు. సైటు తప్పంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ తప్పంది. చివరికి, "ఇన్నేళ్ల సర్వీసులో నా సిగ్నల్ తప్పన్నవాడు లేడు, ఇది అంటోంది" అని ముఖం ముడుచుకుని పైకి వెళ్లిపోయాడు.

అలాగని ఉష్షమ్మకి యంత్రాలంటే కోపం లేదు. ఫొటోని చిటికెలో చిన్నది చేసిపెట్టే సైటొకటి ఆవిడకి ప్రాణం. సిగ్నలాయనకి చిన్న అక్షరాలు ఆనవని, ఫోను కెమెరాతో పెద్దవి చేసి చూపే పరికరాన్ని ఆవిడే పెట్టిచ్చింది. మూతబడిపోయిన సైట్ల పాత పేజీల్ని ఎక్కడో జాగ్రత్త చేసి ఉంచే చోటొకటి ఉందని తెలిసి, అందులో వెతికి వెతికి నర్సమ్మ శిక్షణ పొందిన ఆసుపత్రి పేజీ పట్టుకుంది. అందులో ఓ పాత ఫొటో, రెండో వరసలో జడలు ముందుకి వేసుకుని నిలబడ్డ నర్సమ్మ! ఆ రోజు ఆ ముసలావిడ తెర మీద వేలు పెట్టి తన బుగ్గని తానే తడుముకుంది. ఇలాంటివి కూర్చిపెట్టిన వాళ్లెవరో, తిన్నారో లేదో, ఒక్క ముఖమూ తెలియదు కదా అనుకునేది ఉష్షమ్మ. వాళ్లూ తనలాగే తీసినచోట పెట్టే రకమే అయ్యుంటారని ఆవిడ నమ్మకం.

ఆవిడ్ని అలిసిపోయేలా చేసింది యంత్రం కాదు. యంత్రం జనాన్ని కసిరి పంపిస్తే, ఆ కసురు తినివచ్చిన ముఖాలన్నీ తన కౌంటరు ముందుకి చేరతాయి చూడు, అదీ. వాళ్లని సముదాయించి సముదాయించి, సాయంత్రానికి ఇంట్లో మొగుడు మాట్లాడినా ఒక్క మాట బదులు చెప్పే ఓపిక ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో పై ఆఫీసు నుంచి అధికారి ఒకాయన వచ్చాడు. కుర్రవాడు కాడు, ముసలివాడు కాడు. భుజాన సంచీ, చేతిలో పలకలాంటి కంప్యూటరు, కడుపులో మంటట, మధ్యమధ్య ఏదో మాత్ర చప్పరించేవాడు. కౌంటరు ముందు కుర్చీ లాక్కుని నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, చెప్పడానికి నాకూ బాగోలేదు. మీ పై హాల్లో పుస్తకం ముట్టుకున్నవాళ్లే లేరు."

ఉష్షమ్మకి నవ్వొచ్చింది. "పైకి వెళ్లి చూడండి. కుర్చీ దొరకదు."

"కుర్చీల్లో మనుషులుంటే ఉండొచ్చు. ఫ్యానుకోసం వస్తారు. పుస్తకం లెక్క మాత్రం సున్నా. నెలలకి నెలలు సున్నా." పలక తిప్పి చూపించాడు. గీత ఒకటి నేలమీద పాకుతున్నట్టు అడుగునే పోతోంది. "నెలాఖరుదాకా ఇలాగే ఉంటే హాలు మూసేస్తారు. కంప్యూటర్లు పెట్టి పరీక్షలు రాయించే గది చేస్తారట. పుస్తకాలు ఊరి బయట గోడౌనుకి."

ఆయన వెళ్లాక ఉష్షమ్మ చాలాసేపు కౌంటరు మీద ఉన్న స్కానరు వంకే చూస్తూ కూర్చుంది. అది తీగతో కంప్యూటరుకి కట్టేసి ఉండేది. కొన్నేళ్ల క్రితం దాన్ని బిగించినప్పుడు ఒక కుర్రాడు వచ్చి చెప్పిపోయాడు. సాయంత్రం పైన బల్లలమీద మిగిలిన పుస్తకాల్ని బుట్టలో కిందికి తెచ్చి, ఒక్కొక్కటీ స్కానరుకి చూపించాలి. అది కీచుమంటుంది. కీచుమన్న పుస్తకం ఆ రోజు ఎవరో చదివినట్టు లెక్క. అప్పుడు ఉష్షమ్మ ఏమనుకుందంటే, ఇది పద్ధతిలేని లైబ్రరీలకి, నా హాల్లో బల్లమీద మిగిలేదేముందిలే అనుకుంది. ఇన్నేళ్లూ రోజూ బుట్ట పైకి పట్టుకెళ్లి, ఖాళీగా కిందికి తెచ్చింది. ఖాళీ బుట్ట చూసి మురిసిపోయింది.

ఇప్పుడు చూడు, ఎవరూ చదవలేదని ఆ యంత్రానికి రోజుకోసారి చెబుతూ వచ్చింది తనే. హాలు గొంతు నులిమింది తన నియమమే. ఈ మాట తోచాక ఆవిడ ఆ రోజు బుట్ట పైకి పట్టుకెళ్లలేదు.

ఇంటికెళ్లేసరికి మొగుడు బీన్సు ఈనెలు తీస్తున్నాడు. ఆయన బస్సుల డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఒక కన్ను బీన్సు మీద, ఒక కన్ను ఫోను మీద. పొద్దున్న లేస్తూనే కుటుంబం గ్రూపులో శుభోదయం పూలగుత్తి పెట్టనిదే పళ్లు తోముకోడు.

సంగతి విని, "అంటే నువ్వు సున్నాలు వేసి నువ్వే ఫెయిలయ్యావన్నమాట!" అన్నాడు.

"మీరు నవ్వితే ఆ ఈనెలతో సహా వండిపెడతాను."

"నవ్వట్లేదే. వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పు. 'పుస్తకాలు బల్లమీద వదలండి, లేకపోతే హాలు పోతుంది' అని చెప్పేస్తే పోలా?"

"ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటారు? ఇన్నేళ్లూ కంచం, కంచం అని తిట్టిన నోరు ఇది."

"అయితే నేను చూసుకుంటాలే."

"మీరేం చూసుకోనక్కర్లేదు. ఆ ఫోను అవతల పెట్టండి."

పెడతాడా! ఆవిడ స్నానానికి వెళ్లగానే పాత ఫొటో ఒకటి తీశాడు. హాల్లో కిటికీ వెలుగులో ఉష్షమ్మ అల్మారా దగ్గర నిలబడినది. దాని కింద 'ఈ హాలుని మూసేస్తున్నారు, కాపాడుకుందాం' అని రాసి లోకంమీదికి వదిలేశాడు.

మర్నాడు ఉష్షమ్మ పైకి వెళ్లి, అలవాటైన గొంతుతోనే అంది. "ఇవాళ్టినుంచి ఎవరూ పుస్తకాలు లోపల పెట్టొద్దు. చదివాక బల్లమీదే వదిలేసి వెళ్లండి. పైనుంచి ఆర్డరు." కారణం చెప్పలేదు. నోరు రాలేదు.

హాలంతా ఒక్కసారి తలలెత్తింది. దర్జీ ఒకాయన ఉన్నాడు, మామూలుగా ఎవరితోనూ మాట్లాడడు, మధ్యాహ్నం మిషను ఆపి వచ్చి ఓ మూల కూర్చుని పోతాడు. ఆయన కూడా నోరు తెరిచాడు. "మేడమ్, మమ్మల్నేమైనా పరీక్ష పెడుతున్నారా?"

"పరీక్షేమిటి, వదిలేసి వెళ్లమంటున్నాను."

"అలాగే," అన్నారందరూ. సాయంత్రం బుట్ట పట్టుకుని వెళ్తే బల్లలు ఎప్పటిలాగే తుడిచినట్టున్నాయి.

మర్నాడు గుమ్మంలో కాపలా కాసింది. నర్సమ్మ లేచింది. పుస్తకం బల్లమీద పెట్టింది. రెండడుగులు వేసింది. వెనక్కి చూసింది. ఉష్షమ్మ అటు తిరిగిందో లేదో, కొంగు చాటున పుస్తకం తీసుకెళ్లి అల్మారాలో దూర్చేసింది.

"నర్సమ్మగారూ!"

"నా వల్ల కాదమ్మా. చెయ్యి దానంతటదే వెళ్తోంది. అలా వదిలేసి ఇంటికెళ్తే నిద్ర పట్టదు."

"ఒక్క పుస్తకానికి నిద్రేమిటండీ?"

"నువ్వేగా నేర్పావు!" అంది నర్సమ్మ.

వాళ్లలో వాళ్లు ఏమనుకున్నారో తెలుసా? ఉష్షమ్మకి ఒంట్లో బాగోలేదు, పాపం పని చేయలేక మాటలు తడబడుతున్నాయి, అనుకున్నారు. దాంతో ఇంకా జాగ్రత్త ఎక్కువైంది. కుర్చీలు కూడా సర్దిపెట్టి వెళ్లడం మొదలుపెట్టారు. నెల తరిగిపోతోంది. గీత ఇంకా నేలమీదే పాకుతోంది.

ఈలోగా మొగుడు వదిలిన ఫొటో ఊళ్లు తిరిగింది. వేలమంది గుండె బొమ్మలు పెట్టారట. 'మా బాల్యం!' అని ఒకడు, ఏడుపు బొమ్మలు ఒకడు, 'పుస్తకాల వాసన మించిన వాసన లేదు' అని ఇంకొకడు. అందరికంటే పొడుగ్గా రాసిన పెద్దమనిషిది పక్కవీధే. బడి మానేశాక ఈ గుమ్మం తొక్కి ఎరగడు. మొగుడు చదివి వినిపిస్తుంటే ఉష్షమ్మ కళ్లు మూసుకుని విన్నది. వాళ్ల ప్రేమ అబద్ధం అనిపించలేదు ఆవిడకి. చాలా దూరంనుంచి వస్తున్నట్టు అనిపించింది, అంతే. అంతదూరం వచ్చేసరికి చల్లారిపోయిన టీలాగా.

కొందరు మాత్రం నిజంగానే వచ్చారు. ఒక ఆదివారం హాలునిండా కుర్రకారు. మూడుకాళ్ల స్టాండులు, గుండ్రటి దీపాలు. ఒకమ్మాయి ఎర్ర అట్టల లావు పుస్తకాలన్నీ ఏరి ఒకదానిమీద ఒకటి పేర్చి, పక్కన గడ్డం ఆనించి కూర్చుంది. ఇంకొకతను కిటికీ దగ్గర నిచ్చెనలా పేర్చాడు.

"ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా? ఫ్రేములో పడుతున్నారు," అన్నారు ఉష్షమ్మతో. ఆవిడ జరిగింది.

"తాతగారూ, మీరు మాత్రం కదలకండి. అలాగే చదువుతున్నట్టు ఉండండి," అన్నారు సిగ్నలాయనతో.

"చదువుతూనే ఉన్నానమ్మా," అన్నాడాయన.

మధ్యాహ్నానికి ఆ కుర్రకారంతా వెళ్లిపోయింది. రోజూ వచ్చేవాళ్లు మాత్రం ఎవరి మూలన వాళ్లున్నారు. పాపం వాళ్లకి ఆ నియమం చెప్పినవాళ్లెవరు? బల్లలనిండా పుస్తకాలు. పక్కకి ఒరిగినవి, నోళ్లు తెరుచుకున్నవి, బోర్లా పడ్డవి. ఉష్షమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఇన్నేళ్లలో ఆ హాలుని అలా చూడలేదు. ముందు ఒళ్లు మండింది. తర్వాత, ఇవన్నీ కీచుమంటే గీత ఆకాశానికి లేస్తుంది కదా అని తట్టింది.

ఆ కుర్రకారులో ఒక్కరూ ఒక్క పేజీ చదవలేదు. ఆ సంగతి తనకి తెలుసు. యంత్రానికి తెలియదు. కుర్చీలో కూలబడి కాసేపు ఆలోచించింది. ఆలోచించడానికి కూడా ఓపిక ఉండాలి కదమ్మా. చివరికి, "పోనీలే, ఇన్నేళ్లూ చదివినవాళ్లని చదవలేదని చెప్పింది, ఇవాళ చదవనివాళ్లని చదివారని చెబుతుంది, దాని అబద్ధాలు దానివి" అని లోలోపల అనుకుని లేచింది. అంత కుప్పకి చేతిబుట్ట చాలదు. పెద్ద గంప కింద స్టోరుగదిలో ఉంది. ఒక్కో మెట్టూ దిగింది. కింద ఎవరిదో పాస్‌వర్డు, ఇంకెవరిదో ప్రింటరు తుమ్ము. అవి తీర్చుకుని, గంప వెతుక్కుని, ఒక్కో మెట్టూ ఎక్కింది.

హాలు అద్దంలా ఉంది.

ఒక్క పుస్తకం బల్లమీద లేదు. అన్నీ అల్మారాల్లో, వెన్నులు ఇటువైపు. నర్సమ్మ చేతులు దులుపుకుంటోంది. సిగ్నలాయన కుర్చీలు వరస చూస్తున్నాడు. దర్జీ నుదుటిమీద చెమట తుడుచుకుంటున్నాడు.

"మీరేం భయపడకండి మేడమ్," అన్నాడు దర్జీ. "అన్నీ ఎక్కడివక్కడ పెట్టేశాం. ఆ ఎర్రవాటితోనే కాస్త తికమకైంది."

"నీ కాళ్లు నొప్పులని మాకు తెలీదా?" అంది నర్సమ్మ. "చూడు, ఎలా పారేసి పోయారో! వాళ్ల ఇళ్లల్లో కంచాలు ఎవరు తీస్తారో!"

ఉష్షమ్మ గంప బోర్లించి దానిమీదే కూర్చుంది. నవ్వు మొదలైంది. ఉష్ ఉష్ అని ఊరందరినీ అణిచిన మనిషి, ఆ హాల్లో పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి. వచ్చినవి ఆగలేదు. వాళ్లు కంగారుపడి చుట్టూ చేరారు. నర్సమ్మ అలవాటుకొద్దీ నాడి పట్టుకుంది.

అప్పుడు చెప్పింది. స్కానరు సంగతి, సున్నాల సంగతి, ఖాళీ బుట్ట సంగతి, నెలాఖరు సంగతి, అన్నీ. "మీరేం తప్పు చేయలేదు. నేను చెప్పినట్టు చేశారు. అదే తప్పయింది," అంది.

నర్సమ్మ నాడి వదిలి గంప పక్కనే నేలమీద కూర్చుంది. పైన ఫ్యాను టిక్కుటిక్కుమంటోంది.

"ముందే చెప్పి చావొచ్చు కదమ్మా!" అంది నర్సమ్మ చివరికి. కోపంగా కాదు.

"సిగ్గేసింది."

"అయితే ఎంతసేపు!" అన్నాడు దర్జీ. "మళ్లీ అన్నీ తీసి పరిచేద్దాం. తలా ఒక చెయ్యి వేస్తే అయిపోతుంది."

ఉష్షమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇందాక అబద్ధమాడటానికి ఓపిక తెచ్చుకున్నాను. మెట్లెక్కేసరికి అయిపోయింది. ఇంక లేదు. మీరు నిజంగా చదివేవే వదలండి. హాలు ఉన్నన్నాళ్లే చాలు."

ఆ సాయంత్రం వాళ్లు పుస్తకాలు బల్లమీద వదిలి వెళ్లడం చూడాలి నువ్వు. పిల్లల్ని హాస్టల్లో దింపి వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయే అమ్మానాన్నల్లాగా వెళ్లారు. సిగ్నలాయన అయితే గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చి, బల్ల అంచున ఉన్న పుస్తకాన్ని మధ్యకి జరిపి, "పడిపోతుందేమోనని" అని గొణిగి వెళ్లాడు.

ఉష్షమ్మ చేతిబుట్ట పట్టుకుని బల్లల మధ్య నడిచింది. కిటికీలోంచి వెలుగు తగ్గుతోంది. దర్జీ కూర్చునే మూలకి వెళ్లింది. ఆయన పేపరు చూసుకుపోతాడనే అనుకుంది ఇన్నేళ్లూ. అక్కడ చుక్కల పుస్తకం ఉంది. ఆకాశం, గ్రహాలు, తోకచుక్కలు. రోజంతా సూదిబెజ్జంలోంచి చూసే మనిషి! గుర్తుకోసం మధ్యలో నీలం దారం ముక్క పెట్టాడు. నర్సమ్మ చోట పిల్లల బొమ్మల పుస్తకం, రాక్షసుడూ బుజ్జిమేకా కథ. ఇంతమంది చావుల్నీ పురుళ్లనీ చూసిన మనిషి బుజ్జిమేక గెలుస్తుందో లేదోనని రోజూ మెట్లెక్కి వస్తోంది. సిగ్నలాయన చోట ఏముందో చెప్పుకో చూద్దాం. 'ఈత నేర్చుకోవడం ఎలా'. ఆ వయసులో! ఆయన నీళ్ల దగ్గరికి వెళ్లగా చూసినవాళ్లు లేరు. కాళ్లు ఎలా ఆడించాలో చూపించే బొమ్మ దగ్గర పేజీ వేళ్లతో నలిగి మెత్తబడి ఉంది.

ఉష్షమ్మ ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తీసినచోట పెట్టించి, పెట్టించి, ఎవరు ఏం చదువుతున్నారో తనకి తెలియకుండా తానే దాచేసుకుంది. వాళ్ల పక్కనే ఉంటూ వాళ్లని చూడలేదు. యంత్రానిది సరే, తన లెక్కలో మాత్రం వాళ్లేమున్నారు?

మిగిలిన రోజులన్నీ బుట్ట నిండుగా కిందికి వచ్చింది. కీచు, కీచు, కీచు. మళ్లీ మోసుకుని పైకి. మోకాళ్లు తిట్టినన్ని తిట్లు తిట్టాయి. గీత నేలమీంచి లేచింది గానీ మోకాలెత్తుకి మించలేదు. చదివేవాళ్లు ఉన్నది అంతమందే మరి.

నెలాఖరున అధికారి వచ్చాడు. ఉష్షమ్మ జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన మాత్ర చప్పరిస్తూ విన్నాడు.

"నేను నమ్ముతాను మేడమ్. నా నమ్మకాన్ని ఎక్కించడానికి ఇందులో గడి లేదు," అన్నాడు పలక చూపించి. "హాలు నిలవదు. పైనుంచి సంతకాలైపోయాయి. చివరి రోజుల అంకెలున్నాయి కాబట్టి రెండు అల్మారాలు కింద ఉంచుకోవచ్చని రాయగలను. అంతవరకే నా చేతిలో ఉంది. ఏ పుస్తకాలుంచాలో, వాడకం ఎక్కువ ఉన్నవి యంత్రమే ఏరి ఇస్తుంది."

"యంత్రం వద్దు. నేను ఏరుకుంటాను."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఎందుకో మాట పెంచలేదు. "అలాగే కానివ్వండి."

గోడౌనుకి లారీ వచ్చేలోపు ఉష్షమ్మ ఆ రెండు అల్మారాలు నింపుకుంది. ఎర్ర అట్టల లావు పుస్తకాల జోలికి పోలేదు. బల్లలమీద తను చూసినవే తెచ్చుకుంది. నలిగినవి, అట్టలు ఊడినవి, మధ్యలో దారం ముక్కలున్నవి. అల్మారాల్ని కింద, ప్రింటరు పక్కన నిలబెట్టించింది. మొగుడు వచ్చి కుర్చీల కాళ్లు బిగించిపెట్టాడు. ఫొటో తీయబోతే ఫోను లాక్కుంది.

లారీ కదిలినప్పుడు ఆవిడ బయటికి రాలేదు. లోపల ఎవరిదో పాస్‌వర్డు మార్చిపెడుతోంది.

ఇప్పుడు అక్కడికి వెళ్తే కింద ఒకటే సందడి. పాస్‌వర్డులవాళ్లూ, చదివేవాళ్లూ మోచేతులు తగిలేలా కూర్చుంటారు. దర్జీ చుక్కలు చూస్తుంటే చెవి పక్కనే ప్రింటరు తుమ్ముతుంది. పైనుంచి పరీక్షలు రాసేవాళ్ల కుర్చీల చప్పుడు వినబడుతుంది. ఉష్షమ్మ ఎవర్నీ ఉష్ అనదు. అన్నా ఎవరికి వినబడుతుంది? చదవడం అయిపోయాక పుస్తకం తెచ్చి కౌంటరు మీద పెట్టి నిలబడతారు. కీచుమన్నాక ఆవిడే తీసుకెళ్లి అల్మారాలో పెడుతుంది. పెట్టేముందు ఏ పేజీదాకా వచ్చారో ఒకసారి తెరిచి చూసుకుంటుంది. అలసట తగ్గలేదు. తగ్గుతుందని నేనూ చెప్పను.

ఇదమ్మా సంగతి. నిద్రలో సగం పారేసుకోకుండా గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా నీ పక్కన ఒకరు కూర్చుని 'ఏదైనా చెప్పు' అంటే ఇది చెప్పు. నీకు నచ్చినట్టు పొడిగించుకో, తగ్గించుకో, హాలు మాత్రం నిలిచిందని చెప్పకు. సిగ్నలాయన ఇప్పటికీ ఈత పుస్తకమే చదువుతున్నాడని చెప్పడం కూడా మర్చిపోకు.